ఇంటూ గుర్తు పడిన గొట్టాలు

ఆ కార్ఖానాలో తయారైన ప్రతి తుపాకీ మొదటి దెబ్బ పరీక్ష మేస్త్రి చేతుల మీదుగానే పేలేది. ఇసుక బస్తాలు పేర్చిన చిన్న గదిలో గొట్టాన్ని ఇనుప చట్రానికి బిగించి, మామూలుగా పట్టే మందు కంటే బాగా ఎక్కువ దట్టించి, తలుపు వేసి, గోడకున్న కన్నంలోంచి బయటికి వచ్చిన తాడు లాగేవాడు. గోడలు అదిరేవి. పొగ పోయాక లోపలికి వెళ్ళి, గొట్టం కడిగి, కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి లోపలికి చూసేవాడు. వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకు నున్నగా జారిపోతే గొట్టం నెగ్గినట్టు. మధ్యలో ఎక్కడైనా చీకటి ఉంగరంలా నిలబడితే అక్కడ ఇనుము ఉబ్బినట్టు. నెగ్గినదానికి కార్ఖానా ముద్ర వేసేవాడు. ఓడినదానికి ఉలితో ఇంటూ గుర్తు కొట్టేవాడు. ఆ పని ఇంకెవరి చేతా చేయించేవాడు కాదు.

ఈ ఉద్యోగం ఆయనకు కూడు పెట్టి చెవులు తీసుకుంది. ఎదురుగా నిలబడి గొంతు చించుకుంటే తప్ప వినపడేది కాదు. మేస్త్రితో రహస్యం చెప్పడమంటే వీధిలో టముకు వేయడమేనని కార్ఖానాలో సామెత లాంటిది పుట్టింది. భార్యకు మాత్రం గొంతు పెంచే అవసరం ఉండేది కాదు. ఆవిడ పెదవులు కదిపితే ఆయనకు అర్థమైపోయేది.

"కాపురానికి వచ్చిన రోజు నుంచీ తిడుతున్నాను కదా. ఆ మాత్రం చదువు అబ్బకపోతే ఎలా?" అనేది ఆవిడ.

మేస్త్రి దైవభక్తి ఉన్న మనిషి. పొద్దున్నే స్నానం చేసి, దీపం ముందు చేతులు కట్టుకుని నిలబడి, కోరికలేవీ కోరేవాడు కాదు. ఒక్క ప్రశ్న మాత్రం అడిగేవాడు. 'చంపే వస్తువు చేసే చోట పనిచేస్తున్నాను. పట్టుకున్నవాడు చావకుండా చూడటం నా వంతు పని. దీన్ని ఏ పద్దులో వేస్తున్నావు స్వామీ?' అని. జవాబు వచ్చేది కాదు. ఆయనే, నాకు చెవుడు కదా, చెప్పే ఉంటాడు, అనుకుని చెప్పులు తొడుక్కుని పనికి బయలుదేరేవాడు.

కార్ఖానా పెద్దదేం కాదు. పంటల మీద పడే అడవి పందుల్ని తరమడానికి రైతులూ తోటల యజమానులూ లైసెన్సు మీద కొనుక్కునే రెండు గొట్టాల తుపాకులు చేసేవారు. దాన్ని పెట్టిన పెద్దాయన ఒక పద్ధతి పెట్టాడు. పరీక్షలో ఓడిన గొట్టాన్ని కొలిమిలో వేసేవాడు కాదు. దాన్ని తొలిచిన పనివాణ్ణి పిలిచి, చేతికిచ్చి, ఇంటికి తీసుకుపొమ్మనేవాడు.

"నీ తప్పు నీ కళ్ళ ముందే ఉండాలిరా. కొలిమిలో పడేస్తే నువ్వూ మర్చిపోతావు, నేనూ మర్చిపోతాను. తీసుకెళ్ళి రోజూ వాడుకో," అనేవాడు.

అలా కార్ఖానా వెనక వీధిలో ఇంటింటికీ ఇంటూ గుర్తు గొట్టం చేరింది. ఒకరింట్లో దానికి తెర వేలాడేది. ఒకరింట్లో తలుపుకు అడ్డగడియ అయింది. ఒక పెరట్లో చిక్కుడు తీగకు ఊతం, ఇంకో పెరట్లో బట్టలారేసే దండెం, నీళ్ళ పొయ్యి దగ్గర ఊదుగొట్టం. ఒక ముసలావిడ దాంతో పిండి వత్తేది. దాని బరువుకి రొట్టె దానంతటదే గుండ్రంగా వస్తుందని ఆవిడ వాదన. కొత్తగా పనిలో చేరినవాడు ఎవరింటికైనా వెళితే, "ఇది ఏం చేస్తే వచ్చింది?" అని అడగడం మర్యాద. ఆ ఇంటివాడు తన తప్పేమిటో విప్పి చెప్పడం అంతకంటే మర్యాద. పాఠాలన్నీ అలా వీధిలోనే జరిగిపోయేవి. మేస్త్రి గొట్టాలు తొలవడు కాబట్టి ఆయన ఇంట్లో మాత్రం ఒక్కటీ లేదు. "అందరిళ్ళలో తెరలు గొట్టాలకు వేలాడుతున్నాయి, మనింట్లో పురికొసకు. ఒక్క తప్పైనా చేయరాదూ?" అని భార్య దెప్పేది.

పెద్దాయన పోయాక ఆయన కూతురు కార్ఖానా చూసుకుంటోంది. ఆ ఇసుక బస్తాల మధ్య ఆడుకుని పెరిగిన పిల్లే. మేస్త్రిని బాబాయ్ అని పిలుస్తుంది, ఆయన ఆవిణ్ణి అమ్మాయీ అంటాడు. తండ్రి పెట్టిన పద్ధతి గురించి చెప్పడం ఆవిడకు మహా ఇష్టం. సరుకు కొనడానికి వచ్చినవాళ్ళకు, దారి తప్పి లోపలికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పేది. కొంప ముంచింది ఆ ఇష్టమే.

కొత్తగా వచ్చిన తనిఖీ అధికారి మెత్తటి మనిషి. మాట కూడా అంతే మెత్తన. సరుకంతా చూసి, అన్నీ శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకుని, టీ తాగుతూ మాటవరసకు అడిగాడు, ఓడిన గొట్టాలు ఎక్కడ కోయిస్తున్నారని. కోయించమండీ, అని ఆవిడ నవ్వుతూ తండ్రి కథ మొదలుపెట్టింది. తెరలూ దండేలూ రొట్టెలూ అన్నీ వరసగా చెప్పింది. అధికారి సగం టీ బల్ల మీద పెట్టేశాడు. మళ్ళీ ఆ గ్లాసు ముట్టుకోలేదు.

"అమ్మా, చట్టం దృష్టిలో గొట్టం కోసి ముక్కలు చేసేదాకా అది తుపాకీయే. ఇప్పుడు మీ వీధిలో ఇంటికో తుపాకీ ఉందని మీరే నాకు చెబుతున్నారు," అన్నాడు.

ఆయన కోప్పడలేదు. నిబంధన ఏమిటో నిదానంగా విడమరిచి చెప్పాడు. ఓడిన ప్రతి గొట్టాన్నీ అధికారి ఎదుట కోయాలి. ఇన్నేళ్ళుగా కోయలేదంటే లైసెన్సు రద్దు చేయడానికి అదొక్కటే చాలు. అయినా అన్నీ వెనక్కి వస్తే, వాటిలో ఒక్కటీ వేరే చేతుల్లో పడలేదని తేలితే, హెచ్చరికతో సరిపెట్టమని పైవాళ్ళకు రాస్తానన్నాడు. ఒక్కటి పక్కదారి పట్టినా తన చేతుల్లో ఏమీ ఉండదన్నాడు. పై వారం మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

గొట్టాలు పోగుచేసే పని మేస్త్రి మీద పడింది. ప్రతి ఇంటూ గుర్తూ ఆయన కొట్టిందే కాబట్టి ఏది ఎవరింట్లో ఉందో ఆయనకే తెలుసు. అధికారి రావడానికి ముందురోజు పొద్దున్నే, చెవులుగా భార్యను వెంటబెట్టుకుని తోపుడు బండితో వీధిలో పడ్డాడు. తెర తీసినచోట కిటికీ బోసిపోయింది. చిక్కుడు తీగ నేలకు వాలింది. అడ్డగడియ ఇచ్చిన ఇంటివాడు, దొంగలు పడితే కార్ఖానా వాళ్ళే కాపలా కాయాలన్నాడు. పిండి వత్తే ముసలావిడ గొట్టాన్ని కడిగి, తుడిచి, మరీ ఇచ్చింది.

"కోస్తారటగా. కోసినప్పుడు నన్ను పిలవండి నాయనా. పోయిన మా ఆయన తప్పు కదా, ఒకసారి కళ్ళారా చూసుకుంటాను," అంది.

"ఏం పిన్నీ, ఇన్నాళ్ళూ చూసుకుంది చాలలేదా?" అంది మేస్త్రి భార్య.

"ఇన్నాళ్ళూ పిండే చూశానే తల్లీ."

బండి నిండింది. మిగిలింది ఒక్క ఇల్లు, లేత్ మీద పనిచేసి ఈమధ్యే పోయిన పనివాడిది. అతని గొట్టం మేస్త్రికి బాగా గుర్తు. అతను చెయ్యి తిరిగిన పనివాడు. ఒక్కసారి, ఇంట్లో ఏదో గొడవపడి వచ్చిన రోజున, చేతికి అందిన ఇనుము పగులు చూసుకోకుండా తొలిచేశాడు. మేస్త్రి కిటికీ దగ్గర ఎత్తిపట్టి చూస్తే, మందు పెట్టే చోటికి జానెడు దూరంలో చీకటి ఉంగరం కాదు, ఏకంగా కంకణమే కనబడింది. ఆయన చేతిలో అంత చెడ్డ గొట్టం మళ్ళీ పడలేదు. లేత్ మనిషి దాన్ని తన పెరటి పాకలో, పనిబల్ల పైన మేకుకు తగిలించుకున్నాడు.

పాక తలుపు తీసి ఉంది. లోపల ఏమీ లేదు. మేకు ఒక్కటే మిగిలింది.

లేత్ మనిషి భార్య వీళ్ళను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ చెప్పింది మేస్త్రి భార్య పెదవుల మీద చదువుకున్నాడాయన. భర్త పోయాక ఆ పాకలోకి అడుగుపెట్టలేకపోయిందట. అతని వాసనే వచ్చేదట లోపల. పాత ఇనుము కొనేవాడు వస్తే, కళ్ళు మూసుకుని, అక్కడున్నదంతా పట్టుకుపొమ్మందట.

"నాకు తెలియలేదు అన్నయ్యా. అది కూడా పోతుందని నాకు తట్టలేదు," అంది ఆవిడ.

మేస్త్రి పాక తలుపు దగ్గరగా వేశాడు. పెద్దాయన పద్ధతి మంచిదే. అయితే ఆ పద్ధతి లెక్కలో మనుషులు పోవడమన్నది లేదు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు ఖాళీ పాకల ముందు నిలబడటం లేదు, పాత ఇనుము బండ్లు లేవు. పద్ధతి తెలిసినవాళ్ళు బతికి ఉన్నంత కాలమే పద్ధతి కూడా బతుకుతుందేమో అనుకున్నాడు.

పాత ఇనుము కొట్టువాడు మాటకారి. గొట్టం సంగతి అడగ్గానే, ఆ లావు గొట్టమా, తోట కాపలాదారు ఎత్తుకుపోయాడు, ఏదో దేవుడి విగ్రహం దొరికినట్టు సైకిలుకు కట్టుకుని మరీ పోయాడు, అన్నాడు. మేస్త్రి అప్పుడే బండిని తోట దారికి తిప్పాడు. కాపలావాళ్ళు లావు గొట్టాలు దేనికి కొంటారో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు.

తోట ఊరి చివర. కాపలాదారు గుడిసె ముందు నేలంతా పందులు కుమ్మి పోసినట్టుంది. మనిషి నడివయసువాడు, గుబురు మీసం, పెద్ద కళ్ళు. వచ్చినవాళ్ళు తుపాకుల కార్ఖానా వాళ్ళని తెలియగానే సంబరపడి లోపలికి వెళ్ళి, గుడ్డలో చుట్టిన వస్తువు తెచ్చి, చంటిపిల్లను చూపించినట్టు విప్పి చూపించాడు. కర్రకు బిగించి, తీగ చుట్టి, నానా తంటాలూ పడి తనే చేసుకున్న నాటు తుపాకీ. గొట్టం మాత్రం మేస్త్రికి తెలిసిందే.

"చూశారా, కంపెనీ సరుకే. ఇదిగో, గుర్తు కూడా ఉంది," అని ఇంటూ గుర్తు మీద వేలు పెట్టి గర్వంగా చూపించాడు.

ఆ గుర్తుకు అర్థం ఏమిటో మేస్త్రి చెప్పాడు. చెవిటివాడు కదా, తన గొంతు ఎంత పెద్దగా ఉందో ఆయనకు తెలియదు, తోటంతా మోగేలా చెప్పాడు. ఇది పేలితే పందికి ఏమీ కాదు, నీ ముఖమే పోతుందని చెప్పాడు. కాపలాదారు మొదట నవ్వాడు, తర్వాత నవ్వు ఆపాడు. అతని మాటలు మేస్త్రి భార్య ఒక్కొక్కటిగా పెదవుల మీద అందించింది. మీ తుపాకులకు లైసెన్సు కావాలి, అది మా బోటివాళ్ళకు ఈ జన్మలో రాదు. మేమే చేసుకుంటే పేలిపోతుందని బెదిరిస్తారు. ఈసారి కూడా పంట పందుల పాలైతే తోటాయన నన్ను వెళ్ళగొడతాడు. మందు ఒకడు తెచ్చిస్తానన్నాడు, రేపో ఎల్లుండో వస్తుంది. ఇది నా చేత్తో చేసుకున్నది, ప్రాణం పోయినా ఇవ్వను.

అతను అన్నదాంట్లో అబద్ధం ఏముందో మేస్త్రికి తోచలేదు. అందుకే మళ్ళీ బతిమాలాడు. కాపలాదారు తుపాకీని గుండెకు హత్తుకుని, ఎలా గురిపెడతాడో చూపిస్తున్నట్టు భుజానికి ఎత్తి చెంప ఆనించాడు. సరిగ్గా ఇంటూ గుర్తు పక్కనే ఆనింది ఆ చెంప.

తిరిగి వచ్చే దారంతా భార్యాభర్తలు చెరో పక్క బండి తోశారు. బండి చక్రం కిర్రుమంటోందని ఆవిడకు వినపడింది. ఆయనకు అదీ లేదు.

కార్ఖానాలో అమ్మాయి గాజు తలుపుల గదిలో కూర్చుని ఉంది. మేస్త్రి చెప్పిందంతా విని చాలాసేపు బల్ల మీద గీతలు గీసింది. తర్వాత ఏదో అంది. బయట మిషన్ల మోతలో ఆయనకు ఒక్క ముక్క అందలేదు. చెవి దగ్గరికి వచ్చి మళ్ళీ చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. భార్యను పిలుద్దామంటే ఇది ఆవిడ చెవిన పడకూడని మాట అయినట్టుంది, అమ్మాయి వద్దని చెయ్యి ఊపింది. చివరికి లేచి తలుపు తీసి, ఒక్క నిమిషం మిషన్లు ఆపమని పనివాళ్ళకు సైగ చేసింది. లేత్‌లు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. కార్ఖానా నిశ్శబ్దమైంది.

తలుపు మూసి, మేస్త్రికి ఎదురుగా నిలబడి, గొంతెత్తి చెప్పింది.

"మంచి గొట్టం ఒకటి తీసుకో బాబాయ్. దానికి ఆ పోయిన గొట్టం నంబరు కొట్టు. ఇంటూ గుర్తు కొట్టు. రేపు అందరి ఎదుట దాన్నే కోయిద్దాం."

గాజు తలుపు మాటను ఆపే తలుపు కాదు. బయట పనివాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఇటు తిరిగారు. ఆవిడ అటు చూసింది. గుసగుసగా అనుకున్నంతసేపూ ఆ మాట ఒక ఉపాయంలా ఉంది. పైకి అరిచి చెప్పాక అలా లేదు. ఆవిడ చెవుల వరకూ ఎర్రబడింది.

"మరి ఆ కాపలావాడు?" అన్నాడు మేస్త్రి.

"వాడి సంగతి తర్వాత చూద్దాం," అని ఆవిడ పెదవులు కదిలాయి. ఈసారి గొంతు రాలేదు. అయినా ఆయనకు అర్థమైంది.

మేస్త్రి తన చేతుల వంక చూసుకున్నాడు.

"నంబరు కొట్టమంటే కొడతానమ్మాయీ. నీ ఉప్పు తిన్నవాణ్ణి. ఇంటూ గుర్తు మాత్రం కొట్టలేను. ఓడినదానికి ముద్ర వేయలేదు, నెగ్గినదానికి ఇంటూ కొట్టలేదు. ఒక్కసారి కొడితే, ఇన్నాళ్ళూ కొట్టినవాటికి కూడా అర్థం ఉండదు. వాడు రేపో ఎల్లుండో చెంప ఆనిస్తాడు. వాడి ముఖం నాకిప్పుడు తెలుసు. తెలియకపోయినా బాగుండేది."

అప్పటికి గాజు తలుపు తెరుచుకుంది. తుపాకులకు మెరుగు పెట్టే పనివాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నిరుడే పెళ్ళయినవాడు, భార్యకు నెలలు నిండాయి. మేస్త్రికి వినపడాలని గట్టిగానే అన్నాడు.

"మీకేం మేస్త్రిగారూ, ఇవాళో రేపో పని మానేసే వయసు. ఎవడో దారిన పోయేవాడి కోసం మా అందరి పొట్ట మీద ఇంటూ కొడతారా?"

అతని మాట తప్పని మేస్త్రి అనుకోలేదు. అక్కడ నిలబడినవాళ్ళందరి ఇళ్ళూ ఆయనకు తెలుసు. ఆ పొద్దుటే వాళ్ళ కిటికీల తెరలు తీసి వచ్చాడు. దేవుడి ముందు రోజూ నిలబడినట్టే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా నాన్న ఉంటే ఏం చేసేవాడు బాబాయ్?" అంది అమ్మాయి.

"తెలియదమ్మా. ఆయనకు ఇలాంటిది ఎదురు కాలేదు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. టెలిఫోను దగ్గరికి లాక్కుని మేస్త్రి వైపు ఒకసారి చూసింది. చెవిటివాడు ఫోనులో మాట్లాడలేడు, చెప్పాల్సింది ఎవరో ఆవిడకు తెలుసు. అధికారి నంబరు తిప్పి, తలుపు తీసే ఉంచి, అందరికీ వినపడేలా చెప్పింది. ఒక గొట్టం పక్కదారి పట్టిందని, అది తుపాకీ అయిందని, అది ఎవరి దగ్గర ఉందో, వెంటనే వెళ్ళకపోతే అతనికి ఏమవుతుందో చెప్పింది. ఫోను పెట్టేశాక కూడా మిషన్లు వెంటనే మొదలవలేదు. మెరుగు పెట్టేవాడు గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే అధికారి మనుషులతో తోటకు వెళ్ళి తుపాకీ తెచ్చాడు. కాపలాదారు నానా రభస చేశాడట. కేసు పెడితే కొన్నేళ్ళు లోపల ఉండాల్సిన నేరం అది. అధికారి అతణ్ణి గట్టిగా మందలించి, కాగితం మీద మాత్రం అడగ్గానే అప్పగించాడని రాశాడని తర్వాత తెలిసింది.

మర్నాడు అధికారి ఎదుట గొట్టాలు కోశారు. వీధి వీధంతా వచ్చింది. ఒక్కో గొట్టానికీ అది ఉన్న ఇంటివాడి పేరు పిలిచేవారు. అతను ముందుకొచ్చి నిలబడేవాడు. నిప్పురవ్వలు లేచేవి, అతని తప్పు ముక్కలై కింద పడేది. పిండి వత్తే ముసలావిడ భర్త గొట్టం కోస్తున్నంతసేపూ నోట్లో ఏదో అనుకుంటూ నిలబడి, అయ్యాక, "పద, ఇక తేలికగా ఉంటావు," అని ఎవరితోనో అన్నట్టు అని వెళ్ళిపోయింది.

లేత్ మనిషి గొట్టాన్ని మాత్రం కోసే ముందు పరీక్షించాలన్నాడు అధికారి. నిజంగా ప్రమాదం ఉండేదా లేదా అన్నది తన నివేదికలో ఉండాలట. మేస్త్రి దాన్ని చట్రానికి బిగించాడు. ఈసారి ఎక్కువ మందు వేయలేదు. కాపలాదారు ఎంత వేసుకుని ఉండేవాడో అంతే వేశాడు. తలుపు వేసి, దేవుణ్ణి తలుచుకుని తాడు లాగాడు.

ఎప్పుడూ వచ్చే మోత కాదది. చెవిటి మేస్త్రికి కూడా ఆ తేడా ఛాతీలో తెలిసింది. లోపలికి వెళితే గొట్టం అరటితొక్క ఒలిచినట్టు విచ్చుకుని ఉంది. ఇంటూ గుర్తు ఉన్న ముక్క చట్రంలో లేదు. వెనకవైపు ఇసుక బస్తాలో, మనిషి తల ఉండే ఎత్తులో దిగబడింది. అధికారి వంగి దాన్ని బయటికి లాగాడు. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. మెత్తగా ఏదో అని, చేతిరుమాలు తీసి చెయ్యి తుడుచుకున్నాడు. ఆయన ఏమన్నాడో మేస్త్రికి సాయంత్రం అమ్మాయి చెప్పింది. మీ కార్ఖానా మూయకుండా ఉండే దారి కోసం నిబంధనలన్నీ తిరగేశానమ్మా, దొరకలేదు, అన్నాడట.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పెద్ద తలుపుకు లక్క ముద్ర పడింది. మేస్త్రి ముద్రలూ ఉలీ కూడా లోపలే ఉండిపోయాయి. కొందరు పక్క ఊళ్ళకు పనికి పోయారు. అమ్మాయి పక్కనున్న పాత రేకుల షెడ్డు బాగుచేయించి నీటి పంపులు మరమ్మతు చేసే పని మొదలుపెట్టింది. మిగిలినవాళ్ళలో సగం మందికి కూడా అక్కడ పని లేదు. మెరుగు పెట్టేవాడికి కూతురు పుట్టిందని మేస్త్రి భార్య చూసి వచ్చింది. అతను మాత్రం వీధిలో మేస్త్రి ఎదురైతే పక్కకు తిరిగి వెళ్ళేవాడు. లేత్ మనిషి భార్య ఎవరింటికీ రావడం మానేసింది. మేస్త్రి భార్యే రోజూ వెళ్ళి ఆ ఇంటి గుమ్మంలో కూర్చుని వస్తోంది.

మేస్త్రి పొద్దున్నే దీపం ముందు నిలబడటం మానలేదు. అయితే పాత ప్రశ్న అడగడానికి ఇప్పుడు నోరు వచ్చేది కాదు. ఒక మనిషి ముఖాన్ని ఒకవైపు, వీధి మొత్తం తిండిని రెండోవైపు పెట్టి తూచడం ఆయన వల్ల అయ్యే పని కాదు. తూచగలిగినవాడు తూచుకుంటాడులే అని చెప్పులు తొడుక్కునేవాడు, ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోయినా.

ఒకరోజు భార్యతో కూరగాయల బజారుకు వెళ్ళాడు. వంకాయలు ఏరుతుంటే ఎవరో భుజం పట్టుకుని గిరుక్కున తిప్పారు. తోట కాపలాదారు. చేతిలో రేకు డబ్బా, దాన్ని వాయించే కర్ర. చూడగానే అందుకున్నాడు. బజారులో జనం ఆగి చూస్తున్నారు. మీసాలు ఎగురుతున్నాయి, డబ్బా గాలిలో ఊగుతోంది. మేస్త్రికి ఒక్క మాటా వినపడలేదు. భార్య అతని వంకా ఇతని వంకా మార్చి మార్చి చూసింది.

"పందుల్ని తోలడానికి రాత్రంతా డబ్బా వాయించుకుంటున్నాడట, నీ పుణ్యమా అని. ఇంకా చాలా అంటున్నాడు. మీ నాన్నను కూడా అంటున్నాడు. మొత్తం చెప్పనా?" అని పెదవులు కదిపింది.

మేస్త్రి ఆ ముఖాన్ని దగ్గరగా చూస్తున్నాడు. గొట్టం లోపల వెలుతురు చూసినట్టే, తొందరపడకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. పెద్ద కళ్ళు రెండూ ఉన్నాయి. నిద్రలేక ఎర్రబడ్డాయి గానీ, రెండూ ఉన్నాయి. ఆ రోజు తుపాకీకి ఆనించిన చెంప మీద గడ్డం గీసుకుంటుంటే తెగిన చిన్న గాటు ఉంది. అంతకు మించి ఒక్క గీత లేదు.

"చెప్పొద్దులే," అన్నాడు భార్యతో. "అడ్డం వెళ్ళకు. తిట్టనీ ఇంకాసేపు."